రాతి చేప కుట్టిన సాయంత్రం

సౌదీలో యాన్బు నుంచి ఉత్తరంగా వెళ్తే, రోడ్డు సముద్రానికి దూరం జరిగిపోయే చోట ప్రభుత్వం కాపాడుతున్న తీరం ఒకటి ఉంది. గేటు దగ్గర పర్మిట్ చూపించి, కారు అక్కడే వదిలి, సామాను వీపున వేసుకుని నడవాలి. ఉప్పునేల దాటి, పగడపు రాతిగుట్ట ఎక్కి దిగితే ఒంపు తిరిగిన చిన్న ఇసుకతీరం, పక్కన మడచెట్లు వస్తాయి. ఫోన్లకి సిగ్నల్ అందదు. ఒక రాత్రి గుడారం వేసుకుని ఉండనిస్తారు. చలికాలంలో ఒక శుక్రవారం మేం నలుగురం వెళ్ళాం: నేను, మా ఆయన, ఆయన ప్లాంటులోనే పనిచేసే సీనియర్ ఇంజనీరు, ఆ ఇంజనీరు భార్య.

మాది నరసాపురం దగ్గర. వాళ్ళది కరీంనగర్ వైపు. నేను నర్సుని. ఇంజనీరు భార్య గర్భసంచి తీసేసినప్పుడు మా వార్డులోనే ఉంది. అప్పటినుంచి నన్ను చెల్లె అనేది, నేను అక్కా అనేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఆమె బాగా లావెక్కింది. రోజూ తెల్లవారుతూనే సముద్రం ఒడ్డున పరుగు తీసే ఆమె భర్తకి అది తలవంపుగా ఉండేది. నలుగురం భోజనానికి కూర్చుంటే ఆమె కంచంలోంచి అన్నం తీసేసేవాడు. ఈ నడక కూడా ఆమె ఒళ్ళు కరిగించడానికే పెట్టానని కారులో దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఉప్పునేల పైకి పెంకులా గట్టిగా కనిపిస్తుంది కానీ, అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. ఆమె అడుగడుగుకీ చేత్తో తొడ పట్టుకుని పైకి లాక్కుంటూ నడిచింది. ఇంజనీరు ముందు వెళ్ళి, వెనక్కి తిరిగి ఫోనులో వీడియో తీస్తూ, ఇది మీ అమ్మకి పంపిస్తానని నవ్వాడు. ఆమె నీళ్ళసీసా కూడా ఆయన దగ్గరే ఉంది. ఇస్తే ఒక్కసారే తాగేస్తుందని ఇవ్వలేదు.

గుట్ట సగం ఎక్కేసరికి ఆమె కూలబడింది. పెదాల మూలలు తెల్లగా ఎండిపోయాయి. నీళ్ళు అడిగింది. ఇంజనీరు వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. సీసా మూత తీసి, తను రెండు గుక్కలు తాగి, మిగిలినవి నిదానంగా రాళ్ళ మీద పోశాడు.

"ఇగ లేవు. కిందికి దిగినంక తాగుదువు గని. లే," అన్నాడు.

మా ఆయన తన సీసా అందించబోయాడు. ఇంజనీరు ఆ చెయ్యి పట్టుకుని, మొగుడు పెండ్లాల నడుమ రావద్దని నెమ్మదిగానే చెప్పాడు. మా ఆయన చెయ్యి దించేశాడు. నేను ఇంజనీరుని దాటుకుని వెళ్ళి నా సీసా ఆమె చేతిలో పెట్టాను. ఆమె కాసేపు దాన్ని చూసి, తాగకుండానే నాకు తిరిగి ఇచ్చేసింది. రాయి పట్టుకుని లేచింది. ఇసుక చేరేదాకా మళ్ళీ ఎక్కడా ఆగలేదు.

చెప్పులు లేకుండా నీళ్ళలోకి దిగవద్దని గేటు దగ్గర కాపలా అతను మరీ మరీ చెప్పాడు. గుడారాలు వేశాక, పొద్దు వాలుతుండగా, ఇంజనీరు ఉత్త కాళ్ళతోనే దిగాడు. మోకాలిలోతులో నిలబడి, రమ్మని భార్యని పిలుస్తున్నాడు. అంతలోనే పిలుపు అరుపైపోయింది. పాకుతూ ఒడ్డుకి వచ్చాడు. రాతి చేప ముల్లు అరికాల్లో విరిగి ఉంది. చూడటానికి అచ్చం రాయిలాగే ఉండి కదలకుండా పడుండే చేప అది. వీపు ముళ్ళ నిండా విషం. దాని నొప్పికి కాలు నరికెయ్యమని ఏడ్చిన జాలరిని మా ఆసుపత్రిలోనే చూశాను.

మా ఆయన సాయం కోసం గేటు వైపు పరుగెత్తాడు. ఆ విషానికి వేడినీళ్ళే మొదటి వైద్యం. గ్యాస్ స్టవ్ మీద సముద్రపు నీళ్ళు కాచమని అక్కకి చెప్పి, నేను ముల్లు తీస్తూ కూర్చున్నాను. ఇంజనీరు అరుస్తూ ఇసుకలో తల కొట్టుకుంటున్నాడు. కాగాయా అని అడిగాను. ఇంకా లేదంది. మళ్ళీ అడిగాను. లేదంది. లేచి వెళ్ళి చూస్తే గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. కింద మంట చుక్కంత ఉంది. ఆమె చెయ్యి స్టవ్ మీట మీదే ఉంది.

నన్ను చూసి ఏమీ తొట్రుపడలేదు. "కొంచెంసేపు ఒర్లనియ్యి చెల్లె," అంది.

నేను గిన్నె లాక్కున్నాను. మోచేత్తో వేడి చూసి ఆయన కాలు అందులో ముంచాను. కాసేపటికి అరుపు మూలుగయింది. అప్పుడామె వచ్చి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, చున్నీతో నుదురు తుడుస్తూ, ఏం కాదు, ఏం కాదు అంది. చంటిపిల్లని జోకొట్టే గొంతు. పొద్దున్నుంచీ ఆమె మీద నాకున్న జాలి అక్కడితో పోయింది. భయం వేసింది.

చీకటి పడ్డాక మా ఆయనతో పాటు కాపలావాళ్ళ పడవ వచ్చింది. రోగితో ఒక్కరే ఎక్కాలన్నారు. ఇంజనీరు భార్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమె ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"నర్సు ఉండాలె గద మీ కాడ. నేనొచ్చి ఏం చేస్త?"

నేనే ఎక్కాను. పడవలో ఆయన దారంతా ఆమె ఏదని అడుగుతూనే ఉన్నాడు. ఒడ్డున మిగిలిన ఆమె, మా ఆయన తర్వాత చెప్పిన దాని ప్రకారం, డబ్బా తెరిచి నలుగురి బిర్యానీలో చాలావరకు తినేసి, గుడారంలోకి వెళ్ళి ఎండెక్కేదాకా పడుకుంది. తిరిగి వచ్చేటప్పుడు కూర్చోవాలనిపించిన చోటల్లా కూర్చుంది. మా ఆయన సామాను మొత్తం మోస్తూ ఆమె లేచేదాకా నిలబడ్డాడు.

ఇంజనీరు ప్రాణానికి ముప్పు తప్పింది కానీ, అరికాలు నల్లబడి కండ తీసెయ్యాల్సి వచ్చింది. ఇంటికి పంపాక రోజూ కట్టు మార్చాలి. నేర్పమని ఆమే అడిగింది. పాత గుడ్డ మీద సెలైన్ పోసి, నానాక మెల్లగా తియ్యాలని చేసి చూపించాను. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆమె పొడిగుడ్డనే పట్టి లాగేది. ఆయన తువ్వాలు కొరికిపట్టి వణికిపోయేవాడు. ఎందుకిలా అంటే, మర్చిపోయానంది. ఆమె లేకుంటే తనకి దిక్కు లేదని చూడవచ్చిన వాళ్ళందరికీ ఆయన కళ్ళనీళ్ళతో చెప్పేవాడు. ఆమె వింటూ చాయ్ పోసేది.

ఒకరోజు నేనే కూర్చుని, గుడ్డ తడిపి, నానబెట్టి తీశాను. ఆయన తువ్వాలు నోటికి అందుకోనేలేదు. ఆమె పక్కన నిలబడి శ్రద్ధగా చూసింది.

"గట్ల తడిపితే నొప్పి ఉండదా?"

ఉండదన్నాను. తల ఊపింది. ఇంకో రెండు సెలైన్ సీసాలు ఆమె చేతికిచ్చి వచ్చాను. తర్వాతి వారం వెళ్ళేసరికి రెండూ బల్ల మీదే ఉన్నాయి. సీలు తీయలేదు.