జీతం తగ్గించమని అర్జీ

రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే ప్యాసింజరులో, వేమూరు దాటాక, ఎదురుగా కూర్చున్న ఆమె ఒక తెల్లకాగితం నా ముందుకు చాపింది. యాభై ఏళ్ళుంటాయి. ఆసుపత్రి ఆయాలు కట్టే నీలం చీరలో ఉంది. నిద్ర చాలక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అన్నయ్యగారూ, మా మేనేజరుకి ఒక అర్జీ రాసిపెడతారా? జీతం గురించండి."

"పెంచమనా అమ్మా?"

"కాదండి, తగ్గించమని. గవర్నమెంటు కనీస వేతనం పెంచిందని మాకూ పెంచారు. దాంతో ఆదాయం హద్దు దాటిందని బియ్యం కార్డు తీసేశారండి. అది లేకపోతే మా పాప నర్సింగు ఫీజు గవర్నమెంటు కట్టదంట. పెరిగిందంతా పోసినా ఆ ఫీజుకి చాలదండి."

"చట్టప్రకారం అంతకన్నా తక్కువ ఇవ్వకూడదమ్మా."

"చట్టం పాపని చదివిస్తదా ఏంటండి? మీరు రాయండి."

రాశాను. జంపనిలో బండి ఆగినప్పుడు చదివి వినిపించాను. 'నా జీతం తగ్గించవలసిందిగా వేడుకొంటున్నాను' అన్నచోట ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పద్నాలుగేళ్ళుగా ఊడుస్తున్నానండి. పెంచమని ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు." కాగితం వైపు వేలు చూపిస్తూ అంది: "వేడుకొంటున్నాను అనేది తీసెయ్యండి. కోరుతున్నాను అని రాయండి, చాలు."

దిద్ది ఇచ్చాను. కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం చేసి, తెనాలిలో దిగిపోయింది.

ఆ అర్జీ ఏమైందో నాకు తెలియదు. ఆఫీసులో ఎవరికైనా అర్జీ రాసిపెట్టేటప్పుడు మాత్రం, ఇప్పటికీ 'వేడుకొంటున్నాను' అనే మాట దగ్గర నా కలం ఆగుతుంది.