అన్నకు కనిపించిన లైటు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండేది. చర్చిలో ఎవరైనా లేచి "రాత్రి నాకెవరో కనిపించిన్రు" అని మొదలుపెడితే, నేను చీర కొంగు పోగులు పీక్కుంటూ కూర్చునేదాన్ని. అమ్మ మోచేత్తో పొడిచేది. ఇప్పుడు నేనే అలాంటి మాట చెప్పబోతున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

ఇది తొంభైల మొదట్లో జరిగింది. మేము ఉప్పల్‌లో ఉండేవాళ్లం. మా అన్న ప్రభాకర్, నేను, ఇద్దరం నాచారంలో ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లం. అన్న సీఎన్‌సీ మెషిన్ మీద ఆపరేటర్. నేను దానికి ఎదురుగా టేబుల్ దగ్గర కూర్చుని, తయారైన జాబులు, అంటే రంధ్రాలు వేసిన ఇనుప ముక్కలు, కొలిచి చూసేదాన్ని.

ఆ మెషిన్ సంగతి కాస్త చెప్పాలి. బటన్ నొక్కితే అదే డ్రిల్లు పట్టుకుంటుంది, అదే రంధ్రాలు వేస్తుంది, అదే టూల్ మార్చుకుంటుంది. అబ్బో, మహా తెలివైనది! కానీ డ్రిల్లు విరిగితే మాత్రం దానికి తెలియదు. విరిగిన ముక్క రంధ్రంలోనే ఉంటుంది, ఇది మరలు కోసే టూల్‌ను తెచ్చి తాపీగా దాని మీదే దించుతుంది. ఇంకేముంది, జాబు పాయె, టూలూ పాయె. డ్రిల్లును చల్లబరిచే కూలెంట్ నీళ్లు చిమ్మి మెషిన్ తలుపు అద్దమంతా తెల్లగా ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ కనబడదు. చెవితోనే పట్టాలి. విరిగే ముందు డ్రిల్లు సన్నగా కీచుమంటుంది. అది వినగానే ఆపరేటర్ ఎర్ర బటన్ కొట్టాలి.

మా అన్నకు ఆ కీచు వినబడదు.

ఏళ్ల తరబడి, దడదడమని రేకులు కొట్టే పవర్ ప్రెస్సుల దగ్గర పనిచేసి ఎడమ చెవి పూర్తిగా పోగొట్టుకున్నాడు. కుడి చెవికి మనుషుల మాటలు దగ్గరగా ఉంటే వినపడతాయి, సన్నని శబ్దాలు అందవు. ఎదుటివాళ్ల పెదాలు చూస్తూ నెట్టుకొచ్చేవాడు. ఓనర్‌కు తెలిస్తే మళ్లీ ప్రెస్సుల మీదికే పంపిస్తాడు. అక్కడికి పోతే ఉన్న చెవి కూడా త్వరలోనే పోతుందని దవాఖానాలో చెప్పారు. అప్పటికి వదినకు బాబు పుట్టి కొన్ని నెలలే. "పోతే పోనియ్ గానీ చెల్లె, వాడు నాయినా అని పిలిచేది ఒక్కసారన్న వినాలె" అనేవాడు అన్న. అలా అన్నప్పుడు నాకు ఏడుపు ఆగేది కాదు.

అందుకే మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. వినేది నేను. కీచు వినగానే నా టేబుల్ లైటు వేస్తాను, అన్న ఎర్ర బటన్ కొడతాడు. షెడ్డులో అందరూ ప్రభాకర్‌వి పాము చెవులని మెచ్చుకునేవాళ్లు. నేను తల వంచుకుని కొలుచుకునేదాన్ని.

ఒకసారి నేను భోజనానికి లేచినప్పుడు డ్రిల్లు విరిగి ఒక జాబు పాడైంది. "ఇంకొక్కసారి ముక్క ఇరికిందంటే ప్రెస్సు మీదికి పోతవ్" అని ఓనర్ అందరి ముందూ అన్నాడు. ఆ తర్వాత నేను మంచినీళ్లకు కూడా లేవడం మానేశాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నా టేబుల్ లైటు బల్బు పోయింది. విప్పి స్టోర్‌లో ఇచ్చాను. కొత్తది రేపు తీసుకోమన్నారు. తెల్లారేసరికి నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. అయినా లేచి జడ వేసుకుంటుంటే అన్న కోప్పడ్డాడు.

"కాలు కింద వెడితే పడిపోయేటట్టున్నవ్, డ్యూటీకొస్తదట! పండుకో."

"నేను లేకుంటే ఎట్ల జేస్తవన్నా?"

"మెషిన్ మీద చెయ్యి వెట్టి సూస్త. ఫికర్ జెయ్యకు."

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటాను? పొద్దంతా ఆ మంచం మీద కాలు కాలిన పిల్లిలా గడిపాను. ఇటు తిరిగితే అన్న, అటు తిరిగితే ఆ ప్రెస్సు. అమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేస్తే విసిరికొట్టాను.

మధ్యాహ్నం దాటాక వినబడింది. సన్నగా, మా డ్రిల్లు కీచు. వీధిలో శబ్దం కాదు. రోజూ వినే శబ్దం నాకు తెలియదా? ఎలా లేచానో తెలియదు, గోడకున్న స్విచ్చి మీద చెయ్యి పడింది. నొక్కాను. వెలగలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది బిడ్డా? పొద్దుగాల్నుంచి కరెంటే లేదాయె, గా స్విచ్చి ఎందుకట్ల కొడుతున్నవ్?"

"అన్న పని అయిపోయిందమ్మా" అని నేల మీద కూలబడి ఏడ్చాను.

సాయంత్రం అన్న వచ్చాడు. వస్తూనే నా మీద విరుచుకుపడ్డాడు. "జరంతన్న బుద్ధుందా నీకు? గింత జెరంల ఎవలు రమ్మన్నరు?"

నాకు అర్థం కాలేదు. నా లైటు వెలిగిందట. చూసి బటన్ కొట్టాడట. మెషిన్ తలుపు తీస్తే డ్రిల్లు విరిగి, ముక్క రంధ్రంలో ఉందట. తర్వాతి టూల్ దిగకముందే మెషిన్ ఆగింది కాబట్టి ముక్క తీసి జాబు కాపాడుకున్నాడు. తిరిగి చూస్తే నేను లేను, ఇంటికి వెళ్లిపోయాననుకున్నాడు.

"అది గడప దాటలేదురా" అంది అమ్మ, అన్న కుడిచెవి దగ్గరికి వచ్చి. అన్న నా మొహం చూసి మంచం మీద కూర్చున్నాడు.

జ్వరం తగ్గీ తగ్గకముందే షెడ్డుకు పోయాను. లైటు హోల్డర్ ఖాళీగా ఉంది. కొత్త బల్బు ఇంకా రాలేదు, పాతది స్టోర్‌లో అలాగే ఉంది, లోపల తీగ తెగి. నేను ఎవరినీ అడగలేదు, అడిగితే మా గుట్టు బయటపడుతుంది. సూపర్‌వైజర్ మూర్తిగారే వచ్చారు. ఆయనది భీమవరం వైపు.

"మొన్న మీరు రాలేదు కదమ్మా, మీ లైటు ఎవరు వేశారంటారు? పట్టపగలు లైటేంటని ఆర్పుదామని లేచాను, నేను వచ్చేలోపే ఆరిపోయింది."

హోల్డర్‌లో బల్బు లేదని ఆయన గమనించలేదు. నేనూ చెప్పలేదు.

రేకుల సందులోంచి ఎండ పడి మెరిసిందనుకుందాం. జ్వరంలో నాకు కీచు వినబడిందనుకుందాం. విడివిడిగా నేనూ ఒప్పుకుంటాను. రెండూ కలిపి చూస్తే మాత్రం ఒప్పుకోలేను. చాలా రోజులు ఇంట్లో స్విచ్చి ముట్టుకోవాలన్నా చెయ్యి వెనక్కి వచ్చేది.

కొన్నాళ్లకు ఓనర్ ఆ మెషిన్‌లో చిన్న మీట ఒకటి పెట్టించాడు. ప్రతి డ్రిల్లూ పని కాగానే వచ్చి దాన్ని తాకాలి, విరిగి పొట్టిదైతే తాకదు, మెషిన్ తనంతట తనే ఆగిపోతుంది. నా చెవుల అవసరం తీరిపోయింది. అన్న ఆ మెషిన్ మీదే ఉన్నాడు.

మరుసటి ఏడు వర్షాల్లో, ఒకరోజు పొద్దున్నే నన్ను కేకేసి పిలిచాడు. బాబు అన్న చంకలో ఉన్నాడు. "ఇంకోసారి అనురా" అని బతిమాలుతున్నాడు. వాడు అన్న కుడిచెవి పట్టుకుని లాగుతూ "నాయినా" అన్నాడు. అన్న నన్ను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత నెమ్మదిగా ఆ చెవీ పోయింది. ఇప్పుడు ఏ శబ్దమూ వినబడదు. అప్పుడప్పుడు నా వైపు తిరిగి, వేళ్లతో స్విచ్చి వేసినట్టు చూపించి, ఎవరని కనుబొమ్మలు ఎగరేస్తాడు. నేను తెలియదని చెయ్యి తిప్పుతాను. నిజంగానే తెలియదు. ఆ లైటు ఎలా వెలిగిందో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. కొడుకు గొంతు ఎలా ఉంటుందో మాత్రం మా అన్నకు తెలుసు.