మేకు ఊడిన బొంగరం

నిన్న సాయంత్రం వంటింట్లో ఉండగా, నేలలోని హీటింగ్ జాలీ సందుల్లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన పైకొచ్చింది. లండన్‌లో, అంటే కెనడాలో ఉన్న మా ఒంటారియో లండన్‌లో, మార్చి నెలాఖరుకి కూడా కిటికీలు తెరిచే యోగం ఉండదు కనుక వచ్చిన వాసన ఇంట్లోనే తిష్ఠ వేస్తుంది. మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న శ్రీకాంత్ మా అబ్బాయికొకటి, తన కూతురు అమూల్యకొకటి బొంగరాలు చేసిస్తానన్నాడు. ఆ డ్రిల్లింగే అది. ఇంకొకరికైతే ఉత్త కంపు. నాకు మాత్రం తెలిసిన కంపు. ప్లాస్టిక్‌కి రంధ్రం సరిగ్గా వేస్తే ఆ వాసన రాదు. ఆ సంగతి నాకు పదేళ్లప్పుడే తెలిసింది.

అప్పుడు మేం బ్రాంప్టన్‌లో, ఒక తెలుగువాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. పైన ఇంటాయన, ఆంటీ, నా ఈడువాడే వాళ్లబ్బాయి రోహన్. చలికాలమంతా మంచు మూసేసిన గుప్పెడంత కిటికీ, ఎంత తుడిచినా పోని చెమ్మ వాసన, నెత్తిమీద రోహన్ పరుగులు, కుక్కర్ కూత పెట్టకముందే అమ్మ పరిగెత్తి స్టవ్ ఆపేయడం, చేపల పులుసు తినాలనిపిస్తే పైవాళ్లు కారెక్కి ఎటైనా వెళ్లేదాకా కాచుకోవడం, నాన్న అద్దె కట్టిన ఇంట్లో దొంగలా మునివేళ్ల మీద నడవడం, ఇదండీ నా బంగారు బాల్యం. ఉగాదికి అమ్మ బొబ్బట్లు చేస్తే గుండ్రంగా పొంగినవి, నెయ్యి ఓడుతున్నవి ఏరి పళ్లెంలో పేర్చి పైకి పంపేది. పూర్ణం బయటికొచ్చినవి, మాడినవి మాకు. ఖాళీ పళ్లెం పంపకూడదని ఆంటీ అందులో నాలుగు బిస్కెట్లు వేసి పంపేది.

నాన్న పనిచేసే షాపులో ప్లాస్టిక్ విడిభాగాలు చేసేవారు. పారేసే కడ్డీ ముక్కల్ని అక్కడి లేత్ మీదే బొంగరాలుగా చెక్కుకుని, ఇంటికొచ్చాక మేకుగా స్టీలు పిన్ను ఎక్కించేవాడు. కర్రకైతే మేకు దిగ్గొడితే చాలు, కర్రే పట్టుకుంటుంది. ప్లాస్టిక్ అలా కాదట. రంధ్రం పిన్ను కన్నా వెంట్రుకవాసి సన్నగా ఉండాలి. మరీ సన్ననైతే బొంగరం పగులుతుంది, వెడల్పైతే పిన్ను ఊడుతుంది. అందుకని డ్రిల్‌ని కాస్త దించి, పైకి తీసి, చల్లారనిచ్చి మళ్లీ దించేవాడు. ఒకే ఊపున దించితే ప్లాస్టిక్ కరిగి రంధ్రం వదులైపోతుంది, కంపు కొడుతుంది. తర్వాత పిన్నుని కిటికీ బయట మంచులో గుచ్చి, బొంగరాన్ని వేణ్ణీళ్లలో వేసేవాడు. చలికి పిన్ను ముడుచుకుని, వేడికి ప్లాస్టిక్ సాగి, బల్లకి బిగించిన వైస్ దవడల మధ్య పెట్టి నెడితే మెత్తగా దిగేది. కాసేపాగితే ఇక పటకారుతో లాగినా వచ్చేది కాదు. ఆ డ్రిల్ ఆగి ఆగి గుర్రుమంటుంటే పక్కన కూర్చుని వినడం నాకెంత ఇష్టమో!

మంచు కరగడం మొదలైతే పైవాళ్ల గరాజ్‌లో ఆట. సుద్దముక్కతో గిరి గీసి, ఓడినవాళ్ల బొంగరాన్ని మధ్యలో పెడితే, గెలిచినవాళ్లు తమ బొంగరంతో దాన్ని కొట్టాలి. కొట్టినా, కొట్టించుకున్నా, ఎవరి మేకు ఊడితే వాళ్లు ఆట మొత్తం ఓడినట్టే. రోహన్‌కి తాడు చుట్టడం కూడా సరిగ్గా రాదు, అయినా ప్రతిసారీ నాదే ఊడేది. ఇంటాయన మెట్ల మీంచి నవ్వేవాడు. నాన్న ఆయన్ని చూసి అంతకన్నా గట్టిగా నవ్వేవాడు. నాకే చేతకావడం లేదనుకుని, ఒక్కసారి గెలిపించమని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

ఒక ఉగాది ముందురోజు నాన్న మా ఇద్దరికీ కొత్తవి చేస్తున్నాడు, నీలంది రోహన్‌కి, తెల్లది నాకు. నేను మంచం మీద పడుకుని వింటున్నాను. మొదట డ్రిల్ ఆగి ఆగి మోగింది. తర్వాత ఆగకుండా ఒకటే మోత, ఆ వెంటనే వాసన. లేచి వెళ్తే వైస్‌లో ఉన్నది తెల్లది.

“నాది కాలిపోతోంది నాన్నా,” అన్నాను.

ఆయన డ్రిల్ ఆపలేదు. “వాళ్లింట్లో ఉంటున్నాం చిన్నీ. ఆ పిల్లోడు గెలిస్తే మనకేం అరిగిపోద్ది?”

అవతల అమ్మ మంచి బొబ్బట్లు ఏరుతోంది. మర్నాడు ఆడనని మొండికేస్తే బతిమాలి ఆడించారు. మేకు ఊడింది, నాన్న రోహన్‌కి చప్పట్లు కొట్టాడు. ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయం నాకు అర్థం కాక కాదు. కానీ నా కోపం పోలేదు, ఆయన పోయాక కూడా పోలేదు. భయపడితే భయపడ్డాడు, నా బొంగరమే దొరికిందా?

ఇప్పుడు నాన్న లేడు. ఆ వైస్‌ని అమ్మ ఎవరికో ఇచ్చేసింది. ఆ గరాజ్‌లో ఇవాళ ఎవరి కారు నిలబడుతోందో తెలియదు. రోహన్‌కి బొంగరాలు గుర్తుంటాయని కూడా అనుకోను. గెలిచినవాళ్లకి ఏం గుర్తుంటుంది!

ఈ ఉదయం శ్రీకాంత్ ఎర్ర బొంగరం తెచ్చి మావాడి చేతిలో పెట్టాడు. నేను తీసుకుని పటకారుతో లాగితే మేకు కదల్లేదు. అమూల్యదేదని అడిగాను. వాళ్ల నాన్న వెనక నిలబడ్డ ఆ పిల్ల గుప్పిట విప్పింది. పసుపుపచ్చది. దానికి పటకారు అక్కర్లేకపోయింది, వేలితో తాకితేనే మేకు ఊగింది.

“పిల్లలాటనే కద మేడమ్, ఏమైతది,” అన్నాడు శ్రీకాంత్, నేల చూస్తూ.

నా ఒళ్లు మండిపోయింది. రెండూ మార్చేసి ఎర్రది అమూల్య చేతిలో పెట్టాను. మావాడు “దట్స్ మైన్!” అని ఏడుపు లంకించుకున్నాడు. శ్రీకాంత్ నోరు తెరవకముందే, ఎవరూ చెప్పకుండానే, ఆ పిల్ల ఎర్ర బొంగరాన్ని మావాడి చేతిలో పెట్టేసి నన్ను చూసి నవ్వింది. గరాజ్‌లో ఇంటాయన్ని చూసి మా నాన్న నవ్విన నవ్వు అది.