ఆరు కాళ్ళకు ఆరు గోళ్ళు

జీవశాస్త్రంలో పీజీ చేసి, మూడేళ్ళు ఎలుకలను తూచి, పరిశోధన సగంలో వదిలేసి, సైన్సు పుస్తకాలకు బొమ్మలు గీసి బతుకుతానన్న కూతుర్ని చూసి తల్లి నోరు ఊరుకోలేదు.

"చిన్నప్పుడు నీ తలలో పేలు కుక్కి కుక్కి నా గోళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు అదే పేనును మైక్రోస్కోపు కింద పడుకోబెట్టి బొమ్మ గీస్తావా? అన్నం తినే బల్ల మీదా?"

"చచ్చిన పేనేలేమ్మా."

"బతికుంటే నెత్తిన పెట్టుకుందువు."

పేనంటే కూతురికి ఎప్పుడూ రోత లేదు. రోతంతా వేరే చోట ఉంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో అందరూ పేను స్లైడును పక్కకు నెట్టి, పుస్తకంలోని బొమ్మను రికార్డులోకి దించేవారు. ఈమె చూసిందే గీసింది: కాలికి ఒక్కటే గోరు, వెంట్రుకను పట్టుకునే కొక్కెంలా. సారు కొట్టేసి, పుస్తకంలో ఉన్నట్టు రెండు వేయమన్నారు. వేసింది. నూటికి నూరు మార్కులొచ్చాయి. ఆ మార్కులంటేనే ఇప్పటికీ రోత.

ఇప్పుడు ఆ సారే పాఠ్యపుస్తకం రాశారు. బొమ్మల పని ఆమెకే వచ్చింది. పేరుతో సహా అచ్చయ్యే మొదటి పని. పదకొండు రోజులు మెడ పట్టేసేలా వంగి, చుక్క చుక్కగా పేనును గీసి పంపింది. వారంలో సారు దగ్గర్నుంచి తిరిగొచ్చింది. ఆరు కాళ్ళ చుట్టూ ఆరు సున్నాలు చుట్టి ఉన్నాయి.

ఫోన్ చేసింది. "సార్, ఒక్కసారి స్లైడు చూడండి."

"ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న పాఠమమ్మా, మళ్ళీ చూసేదేముంది? పేపర్లు దిద్దేవాళ్ళు రెండు గోళ్ళే వెతుకుతారు. నీ ఒక్క గోరు నమ్ముకుంటే పిల్లల మార్కులు పోతాయి."

"పేనుకు లేవు కదండీ."

"పేను వచ్చి అడగదులే."

ఆయన నవ్వు వినలేక ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది. తను మార్చనంది. ఆయన సరేనన్నారు, అంత తేలిగ్గా.

నెల తర్వాత, అచ్చుకు ముందు సరిచూసే ప్రూఫు వచ్చింది. బొమ్మ తనదే. ప్రతి కాలి చివరా ఎవరో మొద్దు గీతతో రెండో గోరు అతికించారు. కింద ఆమె పేరు. ఎవరో తిని వదిలేసిన పళ్ళెం తన ముందుకు తోసినట్టయింది.

ఆ కాగితం పట్టుకుని ప్రచురణకర్త గదికి వెళ్ళింది. "నా పేరు తీసేయండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "పేరు వెయ్యలేదని కొట్లాడేవాళ్ళను చూశానుగానీ... మొదటి పుస్తకమే ఇలా వదులుకుంటే రేపు నిన్నెవరు పిలుస్తారమ్మాయ్?"

"పిలవకపోవచ్చండి," అంది, నేల చూపులు చూస్తూనే. "కానీ అది పేను కాదు."

ఆయన నిట్టూర్చి పెన్ను ఇచ్చారు. ఒక్క అక్షరం కూడా కనబడకుండా, తన పేరును తనే కొట్టేసింది.