తెరుచుకున్న పాత గాయం

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే ఆవిడను అందరూ అద్దాలమ్మ అనేవారు. రెండేళ్ల కిందట అక్కడే ఎవరో పెట్టిన అనాసపండు ముక్క తింది. క్షణాల్లో నాలుక వాచి గొంతు పూడుకుపోయింది. ఆస్పత్రిలో ప్రాణం నిలబడింది గాని ధైర్యం నిలబడలేదు. అప్పట్నుంచి పండు, కూర, ఆకు ఏదీ ముట్టలేదు. అన్నం, రొట్టె, పాలు. అంతే.

"ఇలాగైతే గాలికి ఎగిరిపోతావే" అనేది వదిన.

"ఎగిరినా ఊపిరుంటుందిగా వదినా."

మొదట కాళ్లమీద నల్లమచ్చలు లేచాయి. తర్వాత పళ్లు తోముకుంటే నెత్తురు. తల్లికీ చివర్లో ఇలాగే చిగుళ్లనుంచి నెత్తురు కారింది, ఆవిడ రక్తక్యాన్సర్‌తో పోయింది. పైకి చెబితే నిజమైపోతుందేమోనని అద్దాలమ్మ పెదవులు బిగించి నవ్వడం నేర్చుకుంది.

ఒక ఉదయం పనిలో ఉండగా మోచేతి కింద తడి తగిలింది. చూస్తే, చిన్నప్పుడు గాజుపెంకు గీరుకుని ఎప్పుడో మానిపోయిన గాయం! ఏదీ తగలకుండానే తెరుచుకుని కారుతోంది. వదినకు ఫోన్ చేసింది.

"వదినా, నా ఒళ్లు విడిపోతోంది."

వదిన ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చిగుళ్లు చూసింది, తిండి సంగతి అడిగింది, రక్తం తీయించింది. ఫలితం రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అద్దాలమ్మ తల్లి ఫొటో వైపు తల తిప్పలేదు.

"క్యాన్సర్ కాదమ్మా. విటమిన్ సి లేక వచ్చింది, స్కర్వీ అంటారు. మానిన గాయాన్ని పట్టి ఉంచే పదార్థాన్ని ఒళ్లు ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకుంటూ ఉండాలి. అందుకు ఈ విటమిన్ కావాలి."

వదిన ఊరుకోలేదు. "మా వీధికుక్క ఏ పండు తింటోందండీ? దానికి రాలేదే!"

"కుక్క ఒంట్లోనే అది తయారవుతుంది. కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకులు చెట్లమీద పండ్లూ ఆకులూ తిని బతికారు. తిండిలోనే కావలసినంత దొరికింది గనక, ఒంట్లో చేసుకునే శక్తి పోయినా లోటు తెలియలేదు. ఇప్పుడు మనం తినక తప్పదు."

మాత్రలు మొదలుపెట్టారు. మరో పరీక్షలో ఆమెకు పడనిది అనాసపండు ఒక్కటేనని తేలింది. అయినా నమ్మకం చిక్కలేదు. చివరికి ఆస్పత్రిలోనే, నర్సు ఇంజెక్షన్ సిద్ధంగా పట్టుకుని నిలబడగా, కమలాతొన నోట్లో పెట్టుకుంది. వదిన చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. మింగింది. గొంతు మూసుకుంటోందేమోనని ఉమ్మి మింగి మింగి చూసుకుంది. అరగంట గడిచింది. ఏమీ కాలేదు.

వారాలు తిరిగేసరికి గాయం మూసుకుంది. ఒక పన్ను మాత్రం దక్కలేదు. భయం కూడా పూర్తిగా పోలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం పండు వలిచి, వదినకు ఫోన్ కలిపాకే కొరుకుతుంది.

"ఉన్నావా వదినా?"

"ఉన్నానే, మింగు."