గెజిటెడ్ సంతకంతో తాటి తాండ్ర

ఇప్పుడు పూర్ణా మార్కెట్లో కరివేపాకు కొన్నా ఫోను తీసి ఆ గళ్ళ బొమ్మకి చూపిస్తే పనైపోతోంది. అమ్మినావిడ మన మొహం కూడా చూడదు. మా కుర్రతనంలో అలా కాదు. ఇంటర్నెట్ అంటే వీధి చివర సెంటర్లో గంటకింత అని అద్దెకి దొరికే సరుకు. అందులోంచి ఉత్తరాలొస్తాయంటే జనం నమ్మేవారు, పరీక్ష ఫలితాలొస్తాయంటే నమ్మేవారు. డబ్బులు కూడా వస్తాయని నేనంటే మాత్రం ఉక్కునగరంలో మా సెక్టారంతా కలిసి నవ్వింది. అందరికన్నా ముందు నవ్విందీ, ఆఖర్న ఆపిందీ మా బావే. ఆ డబ్బులు నిజంగానే వచ్చిన రోజున ఆయన నవ్వు ఆపి చేసిన పని గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. (అందులో నా చెయ్యి కూడా తక్కువేమీ లేదు. టైపు చేసింది నేనే.)

డిగ్రీ అయిపోయింది, కంప్యూటర్ కోర్సూ అయిపోయింది, ఉద్యోగం మాత్రం మొదలవలేదు. అక్కావాళ్ళ క్వార్టర్లో ముందు గది నాది. బావ స్టీలు ప్లాంటులో స్టోర్సు మనిషి. అక్కడ ఒక బోల్టు గుమ్మం దాటాలన్నా ఇద్దరు అడగాలి, ముగ్గురు సంతకం పెట్టాలి, గేటు దగ్గర ఇంకొకరు అనుమానించాలి. ఆ అలవాటు ఆయన యూనిఫారంతో పాటు ఇంటికి కూడా వచ్చేసేది. పంచదార డబ్బా జాగా మారితే ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో చెప్పేవరకూ ఊరుకునేవాడు కాదు. ఆ ఇంట్లో నాలుగో మనిషి బావ వాళ్ళమ్మ, నాకు అత్త. భీమిలి వైపు పల్లె ఆవిడది. తాటిపళ్ళు రాలే రోజులొస్తే సంచీ సర్దుకుని ఊరెళ్ళిపోయేది. గుజ్జు తీసి, బెల్లం కలిపి, చాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టి, నల్లగా నిగనిగలాడే తాండ్ర చుట్టలతో తిరిగొచ్చేది. తీపి వెనకాల సన్నగా చేదు తగిలే ఆ తాండ్ర నాకు ప్రాణం. దాన్ని దేశమంతటికీ అమ్మాలని నాకు బుద్ధి పుట్టింది. సొంతంగా ఒక వెబ్‌సైటు కట్టాను. పైన చాప, చాప పక్కన అత్త. ఫొటో అంటే ఆవిడకి మొహమాటం, అందుకని కొనడానికొచ్చిన వాళ్ళని కర్ర పుచ్చుకుని తరిమేటట్టు పడింది. కార్డు మీద డబ్బు వసూలు చేసి మన బ్యాంకు ఖాతాలో వేసే కంపెనీ ఒకటి హైదరాబాదులో ఉంటే, నానా తంటాలూ పడి దాంట్లో చేరాను.

మొట్టమొదటి బేరం ఒక ఓడ కెప్టెన్ది. అంటే, కెప్టెన్నని ఆయన రాసుకున్నాడు. ఓడ నిండా ఉన్న సిబ్బందికి తాండ్ర కావాలట. అత్త జీవితకాలంలో చేసిందంతా కలిపినా చాలనంత కావాలట. కార్డూ గీర్డూ వద్దు, బ్యాంకులో నేరుగా వేసేశాను చూసుకో అంటూ రసీదులాంటిది మెయిల్లో పంపాడు. అందులో కొంత ఎక్కువ పడిపోయిందనీ, ఆ ఎక్కువైంది తన రవాణా ఏజెంటుకి వెంటనే పంపమనీ బతిమాలాడు. ఓడలుండే ఊళ్ళో పుట్టి కెప్టెన్ని అనుమానించడమా? ఆ ఎక్కువైంది పంపడానికి నేను కౌంటర్ దగ్గర వరసలో నిలబడి ఉండగా, అక్క ఆటో దిగి వచ్చి నా చొక్కా పట్టుకుని లాగింది. పాస్‌బుక్కు పట్టుకెళ్ళి ఎంట్రీ వేయించిందట, కెప్టెన్ డబ్బు దమ్మిడీ పడలేదట. వరసలో వాళ్ళందరూ ఇదేదో ప్రేమ వ్యవహారమనుకుని నన్ను జాలిగా చూశారు. మెయిల్లో వచ్చిన కాగితం డబ్బు కాదనీ, మన ఖాతాలో పడిందే డబ్బనీ ఆ రోజు నాకు చొక్కా బొత్తాం ఊడేలా తెలిసింది.

ఇక బావ రంగంలోకి దిగాడు. ఇంటి నుంచి బయటికెళ్ళే ప్రతి తాండ్ర ముక్కా తన అనుమతితోనే వెళ్ళాలన్నాడు. చొక్కా బొత్తాం లేనివాణ్ణి, ఎదురు చెప్పే మొహం నాకెక్కడిది? సరిగ్గా అప్పుడొచ్చింది అసలైన బేరం, భోపాల్ నుంచి. రెండు కిలోలు. డబ్బు కార్డు మీద కట్టేశారు. కంపెనీ సైటులో నా ఖాతా తెరిచి నా కళ్ళతో చూసుకున్నాను, డబ్బు చేరింది. ఆర్డరు ఫారం కింద ఉన్న ఖాళీ గడిలో కొన్నాయన నాలుగు ముక్కలు రాశాడు. తను ఉత్తరాది మనిషి, భార్యది తగరపువలస. ఈ పెళ్ళి ఆమె పుట్టింట్లో ఇష్టం లేక మాటల్లేవు. ఇప్పుడామెకి మూడో నెల. నోట్లో ఏం పెట్టినా నిలవడం లేదు, నిద్రలో కూడా ఈ నల్లటి పదార్థం పేరే కలవరిస్తోంది. అదేమిటో తనకి తెలియదు, దయచేసి తొందరగా పంపండి. నేను ఇంటికొచ్చి తెలుగులో చదివి వినిపిస్తే అత్త లేచి డబ్బా మూత తీసేసింది.

బావ ఆ మూత మళ్ళీ పెట్టేశాడు. ఆర్డరు ఆడమనిషి పేరు మీద ఉంది, కార్డు మగమనిషి పేరు మీద ఉంది, ఆ కార్డు ఎక్కడ కొట్టుకొచ్చిందో ఎవరికి తెలుసని ఆయన వాదన. కథలు చెప్పడంలో కెప్టెన్ మాత్రం తక్కువ తిన్నాడా అన్నాడు. అత్త అందరి వైపూ ఒకసారి చూసి, కొడుకు మీద నిలిపింది చూపు.

"వేవిళ్ళ పిల్ల నోరు తెరిసి అడిగితే కాయితాలు సూపమంటావేట్రా? నాను నిన్ను కడుపుతో ఉన్నప్పుడు ఊళ్ళోవోలు నన్నూ ఇలాగే అడిగుంటే నువ్వీ ఉద్యోగం సేద్దువా?"

ఈ ప్రశ్నకి స్టోర్సు నిబంధనల్లో జవాబు లేదు. అయినా బావ చలించలేదు. ఆయన చెబుతుంటే నేను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఎంతో ఆఫీసరు ఫక్కీలో ఇంగ్లీషు మెయిలు టైపు చేశాను. కార్డుకి రెండు వైపులా జిరాక్సు, దాని మీద గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సంతకం, రేషన్ కార్డు నకలు, దంపతులవి పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఇవన్నీ రిజిస్టర్డ్ పోస్టులో అందిన పిమ్మట మాత్రమే సరుకు పంపబడును. (ప్లాంటుకి కొత్తగా సరుకులు సరఫరా చేసేవాళ్ళని అడిగేవే ఇవన్నీ. నిప్పు పనికి అనుమతి పత్రం కూడా అడుగుదామన్నాడు గానీ, తాండ్రకి నిప్పేమిటని నేనే వద్దన్నాను.) ఆ మెయిలు పంపి కుర్చీలో వెనక్కి వాలాను. నిజం చెప్పాలంటే, ఒక పెద్ద సంస్థకి అధిపతినైనట్టే అనిపించింది.

కవరు వచ్చేదాకా అత్త కొడుకుతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నెయ్యి మాత్రం నా వైపే వేసేది. చివరికి కవరు వచ్చింది. విప్పితే మేం అడిగిన సరంజామా అంతా ఉంది. కార్డు ముందు వైపు, వెనక వైపు, పొల్లు పోకుండా జిరాక్సు. దాని మీద ఆకుపచ్చ సిరాతో నిండైన సంతకం, గుండ్రటి ముద్ర. సంతకం ఆ ఊరి పశువుల డాక్టరు గారిది. ఫొటోలో ఆ అమ్మాయి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, అతను ఏదో తప్పు చేసినవాడిలా చూస్తున్నాడు. బావ కళ్ళు చెమర్చినంత పనయింది. తన సర్వీసులో ఏ కాంట్రాక్టరూ ఇంత శుభ్రంగా కాగితాలు సమర్పించలేదట. ఆ ఆనందంలో జిరాక్సు షాపుకెళ్ళి నకళ్ళు తీయించాడు. ఒకటి ఫైల్లోకి, ఒకటి బీరువా తలుపు మీదకి, ఒకటి స్టోర్సులో తోటివాళ్ళు చూసి బుద్ధి తెచ్చుకోవడానికి.

నేను అంతకన్నా ఘనుణ్ణి. బావతో పందెం నెగ్గినంత గర్వంగా హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేశాను. మేం ఎంత భద్రంగా వ్యాపారం చేస్తున్నామో వాళ్ళకి తెలియాలి కదా. ఫోనెత్తిన అమ్మాయికి కార్డు రెండు వైపులా కాగితం మీద సంపాదించామని, గెజిటెడ్ సంతకంతో సహా వివరించాను.

అంతా విని ఆ అమ్మాయి, ఆ కాగితం ఇప్పుడు ఎంతమంది చేతుల్లో ఉందండీ అని మెల్లిగా అడిగింది. కార్డు ముందు అంకెలూ, వెనకాల మూడంకెలూ కలిసి ఒకరి చేతిలో పడితే వాళ్ళు ఆ కార్డు మీది డబ్బుతో ఏదైనా కొనుక్కోవచ్చట. అందుకే ఆ అంకెలు అమ్మేవాడి కంట పడకుండా వాళ్ళ కంపెనీ మధ్యలో ఉందట. అడగకూడదు, అడక్కుండా ఇచ్చినా దాచకూడదు. అనుమానముంటే సరుకు పంపే ముందు తమకి చెబితే, కార్డిచ్చిన బ్యాంకునే తాము అడిగి చెబుతారట. ఇదంతా ఓపిగ్గా చెప్పి, చివర్న ఒక మాటంది.

"ఆయన దొంగ కాదని మీరు ఇన్ని చూశారు, బాగానే ఉంది. మరి మీరు దొంగలు కాదని ఆయన ఏం చూసి నమ్మాడండీ?"

ఫోను పెట్టేశాను. మా వెబ్‌సైటులో ఆయన చూసిందల్లా కోపంగా ఉన్న అత్త ఫొటో. అది చాలనుకున్నాడా? బావకి చెబితే ఆయన మొహం తెల్లబోయింది. ఆ మనిషిని నేను అలా చూడటం అదే మొదలు. వెంటనే స్కూటరు తీశాడు, నేను వెనక ఎక్కాను. స్టోర్సులోది దొరికింది. బీరువా మీదది అక్క అప్పటికే పీకేసింది. జిరాక్సు షాపులో ఒక నకలు సగమే పడి పాడయిందనీ, పాడైన కాగితాలు పక్కనున్న బజ్జీల బండికి ఇచ్చేస్తాననీ షాపతను చాలా మామూలుగా చెప్పాడు. బజ్జీల బండి దగ్గర కాగితాలు కట్టగా ఉన్నాయి. ఏ కాగితంలో పెట్టాలో ఎంచుకునే హక్కు కొనేవాడికి లేదు. మాది వచ్చేవరకూ బావ మిరపకాయ బజ్జీలు తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. చివరికి నూనెలో తడిసి అంకెలు మరింత స్పష్టంగా కనబడుతున్న మా కాగితం ఆయన చేతికొచ్చింది. ఇంటికొచ్చి ఫైల్లోదీ, పోస్టులో వచ్చిన అసలు కాగితంతో సహా అన్నీ పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో పెట్టాం. ఫొటోలు మాత్రం అత్త తీసుకుంది.

ఆ సాయంత్రమే ఇంటి ఫోను నుంచి, ఆర్డరులో ఉన్న నంబరుకి నా వచ్చీరాని హిందీలో భోపాల్‌కి ఫోన్ చేశాను. మేం అడగకూడనివి అడిగామనీ, బ్యాంకుకి చెప్పి ఆ కార్డు మార్పించుకోమనీ, క్షమించమనీ, మాట మాటకీ తడబడుతూ చెప్పాను. ఆయన అంతా విని, అది సరేనండీ, పార్సిల్ బయల్దేరిందా అన్నాడు. లోపల్నుంచి ఒక నీరసపు గొంతు ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నట్టుంది.

"నాను మాటాడతన్నానండి. ఏటండీ, ఇంకా పంపలేదేటి? నాకు నీళ్ళు కూడా ఇమడ్డం లేదండి."

అత్త నా చేతిలోంచి రిసీవరు తీసేసుకుంది. మా అత్త ఎవరు ఎదురైనా మొదట అడిగేది, ఎవరి తాలూకా అని. ఆ రోజు మాత్రం ఎవరింటి పిల్లవని అడగలేదు. "ఓలమ్మా, ఏడవకు తల్లీ, రేపు పొద్దున్నే బయల్దేరుద్ది. ఒకేపాలి తినీకు, ముక్క ముక్క సప్పరించు" అంది. ఇంగువ వాసన పడుతోందా, పొద్దున్నే లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా, నడుం నొప్పిగా ఉందా అని, ఒక తల్లి అడిగేవన్నీ అడిగింది. ఎస్టీడీ బిల్లు పెరుగుతూనే ఉంది, బావ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పార్సిల్ కట్టినప్పుడు రెండు కిలోలకి ఇంకెంత కలిపారో నాకు తెలియదు. కొరియర్ సెంటర్లో తూకం వేసిన మనిషి మాత్రం నన్ను రెండోసారి చూశాడు. గుమ్మం దాటేటప్పుడు బావ ఏ సంతకమూ అడగలేదు.

అది అందిన రోజున మళ్ళీ ఫోనొచ్చింది. ఆ అమ్మాయి నోట్లో ముక్క పెట్టుకునే మాట్లాడుతోంది. "అచ్చం మా అమ్మ సేసినట్టే సేదుగా ఉందండి" అంది. అత్త రిసీవరు చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఆ తర్వాత భర్త లైన్లోకి వస్తే, ఇన్నాళ్ళుగా నన్ను తినేస్తున్న ప్రశ్న అడిగేశాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళం, ఏం చూసి అన్నీ పంపేశారండీ?

ఆయన పెద్దగా నవ్వాడు. దొంగలైతే పని తొందరగా కానిచ్చుకుంటారు కదా, రెండు కిలోల మిఠాయి కోసం ఇంత సతాయించేవాళ్ళు దొంగలెలా అవుతారు అన్నాడు. ఈ మాట బావకి తెలుగులో చెబితే, పొగడ్తో తిట్టో తేలక రెండు రోజులు ఆలోచించాడు.

ఇప్పటికీ ఆ వ్యాపారమే చేస్తున్నాను, కాస్త పెద్దదైంది. కొనేవాళ్ళ అంకెలు నా కంట పడవు. పడకూడదని నేనే పదిమంది కొత్తవాళ్ళకి చెబుతుంటాను. డబ్బు క్షణంలో చేరుతుంది, సరుకు ఆ సాయంత్రమే వెళ్ళిపోతుంది, ఎవరికీ ఎవరి గొంతూ వినబడదు. ఇదే క్షేమం, అందులో నాకు అనుమానం లేదు. అయితే ఒక్కోసారి, ఎండలో ఆ పశువుల డాక్టరు వాకిట్లో గేదెల మధ్య వరసలో నిలబడి, భార్య నాలుగు ముక్కలు తినాలని తనకున్నదంతా ఒక కాగితం మీద పెట్టి మాకు పోస్టు చేసిన మనిషి గుర్తొస్తాడు. ఆ పక్కనే, కుర్చీలో వెనక్కి వాలి సంస్థాధిపతిలా నవ్వుకుంటున్న బక్కపలచటి కుర్రాడొకడు కనబడతాడు. వాణ్ణి తిట్టాలనిపించదు. భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా, ముందా పిల్లకి పార్సిల్ పంపు" అని చెప్పాలనిపిస్తుంది.