"ఎవరు కత్తిరిచ్చిండ్రు?"

వనపర్తిలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఆరు నెలల శిక్షణ, ఒక్కో జట్టులో ఇరవై మంది. మొదటి రోజు గంట గడిచేసరికి ఎవరికి పని వస్తుందో, ఎవరికి రాదో చెప్పేయగలనని నాకు గట్టి నమ్మకం. తోటి టీచరుతో పందెం కట్టినట్టు చెప్పేదాన్ని. చివరికి నేను అన్నట్టే జరిగేది. లోపల్లోపల గర్వపడేదాన్ని.

ఒక జట్టులోని ఇద్దరు ఇప్పటికీ నా కళ్లముందు ఉన్నారు. ఒకామె ఊళ్లో పేరున్న దర్జీ కూతురు, ఇరవై ఏళ్ల పిల్ల. రెండో ఆమె గద్వాల దగ్గరి ఇటిక్యాల వైపు నుంచి వచ్చి వనపర్తిలో అద్దెకుంటున్న ముస్లిం ఇల్లాలు. ముప్పై దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు. భర్త లారీ మీద పోతే పదిహేను రోజులకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. తొలిరోజు అందరికీ పాత పేపర్లిచ్చి గీత వెంబడి కత్తిరించమన్నాను. వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. చెయ్యి వణికి పేపరు వంకరపోయింది.

"నీకు కటింగ్ కుదరదమ్మా. కాజాలు, హెమ్మింగు నేర్చుకో, చాలు" అన్నాను. మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను.

"సరే మేడం" అంది.

దర్జీ కూతురు కూడా ఆ రోజు పేపరు పాడుచేసింది. కత్తెరకు పదును పోయినట్టుందని ఆ పిల్లకు నా సొంత కత్తెర ఇచ్చాను. తర్వాత రోజుల్లో ఎక్కువసేపు ఆ పిల్ల బల్ల దగ్గరే ఉండేదాన్ని. చంక దగ్గర తప్పు కోస్తే ఎందుకు తప్పిందో పక్కన కూర్చుని చెప్పేదాన్ని. రెండో ఆమె తప్పు చేస్తే నాకు చెప్పబుద్ధయ్యేది కాదు. మూడో నెలకు ఆమె నన్నేమీ అడగడం మానేసింది. "చూసినవా, ఆమెకు సోయి లేదు" అన్నాను తోటి టీచరుతో.

నాలుగో నెలలో ఒక ఉదయం ఆమె సంచిలోంచి చిన్నపిల్ల గౌను తీసి నా బల్ల మీద పెట్టింది. నీలం గుడ్డ, నడుము చుట్టూ సన్నటి కుచ్చులు. మెడ గుండ్రంగా తిరిగింది, ఎక్కడా ముడత లేదు. లోపలి కుట్లు కూడా తిప్పి చూశాను. ఆమె ముఖంలో అంతకుముందు ఎన్నడూ చూడని వెలుగు. మెచ్చుకుంటాననుకుని నిలబడి ఉంది.

"ఇది ఎవరు కత్తిరిచ్చిండ్రు?" అని అడిగాను.

మిషన్లు ఆగాయి. ఆమె నన్ను చూసింది, గౌనును చూసింది. "మా ఆడబిడ్డ, మేడం" అంది.

"మరి గట్ల చెప్పాలె. మందిది తెచ్చి మనదంటె ఎట్ల?"

ఎవరో నవ్వారు. అది తనదని ఆమె అననే లేదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. ఆమె గౌను మడిచి సంచిలో పెట్టుకుంది. శిక్షణ అయ్యాక అందరితోపాటు సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోయింది. కటింగ్‌లో దర్జీ కూతురు అందరికన్నా ముందుంది. నా అంచనా మళ్లీ నిజమైందని సంతోషించాను.

ఆ తర్వాత నేను నాగర్‌కర్నూల్‌కు మారాను. పోయిన ఏడాది మా అక్క కూతురి పెళ్లికి గద్వాలలో చీర కొన్నాం. నా కళ్లకు సన్నపని ఆనడం లేదు కనుక జాకెట్ కూడా అక్కడే కుట్టించాలనుకున్నాను. చీరల దుకాణం వాళ్లు పక్కసందులో ఒక కొట్టు చూపించారు. లోపల పెద్ద బల్ల ముందు ఆ నీలం గౌను తెచ్చినామె నిలబడి ఉంది. నాకంటే ముందు తనే గుర్తుపట్టింది.

"సలాం మేడం. రాండ్రి, కూసోండ్రి."

కొట్టు నడిపే పెద్దావిడ చాయ్ తెప్పించి, ఆమె గురించి గొప్పగా చెప్పుకొచ్చింది. "నా కంటికి ఆపరేషనైనప్పుడు వచ్చింది. కాజాలైతె వస్తయి, కటింగ్ రాదు అన్నది. నాకు కండ్లు కనవడ్తలేవు, నువ్వు గాక ఇంకెవరు కోస్తరు, పట్టు కత్తెర అన్న. ఒక్క గుడ్డ ఖరాబు కాలె."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. పెద్దావిడ లోపలికి వెళ్లాక అడిగాను. "ఆ నీలం గౌను నువ్వే కత్తిరిచ్చినవు గదా?"

ఆమె తల వంచుకుంది. "నేనే మేడం."

"మరి మీ ఆడబిడ్డ అని ఎందుకన్నవు?"

"మీరు నమ్మరనిపిచ్చింది. మీరట్ల అడిగినంక నేను కోయలేదేమో అని నాకే అనిపిచ్చింది." పరధ్యానంగా టేపు చుట్టుకుంటూ అంది. "ఆ గౌను పిల్లకు మల్ల తొడగలె."

మా పట్టుగుడ్డ పరిచి సుద్దతో గీతలు గీసింది. ఒక్క గీత కూడా చెరపలేదు. చూడాలని లేచి దగ్గరికి వెళ్లాను. కత్తెర గుడ్డకు ఆనించింది. చెయ్యి వణికింది.

"మేడం, జర మీరు బయట కూసుంటరా?" నవ్వడానికి ప్రయత్నిస్తూ అడిగింది.

బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల కత్తెర ఎక్కడా ఆగకుండా నడిచిన చప్పుడు వినిపించింది. ఆమెకు పని రాదన్నది నిజమైన అంచనా కాదు, నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపానని ఆ చప్పుడు వింటూ ఉంటే అర్థమైంది. అలా ఇంకెందరిని ఆపానో!

బయలుదేరే ముందు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "తప్పు నాదమ్మా. ఆ దినం అందరి ముంగట నిన్ను దొంగను చేసిన."

"అయ్యో, గట్లనకండి మేడం. మీరు నా మంచికే అన్నరు" అంది. మనస్ఫూర్తిగానే అంది. తిట్టి ఉంటే కొంత బరువు దిగేదేమో.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఇంటి దగ్గరే కొద్దిమందికి నేర్పుతున్నాను. తొలిరోజే అందరికీ గుడ్డ ఇస్తాను. కత్తిరిస్తున్నప్పుడు ఎవరి పక్కనా నిలబడను. అయినా మొదటి గంటలోనే నా మనసు ఈమెకు వస్తుంది, ఈమెకు రాదు అని లెక్కలు వేసేస్తుంది. ఆ మాట ముఖంలో కనబడకుండా ఉండటానికి కిటికీ వైపు తిరిగి నిలబడతాను. వాళ్లకది తెలిసిపోతోందేమోనని భయంగానే ఉంటుంది.